పాత్రికేయ విద్య, విద్యార్థి పత్రికలు: తెలుగు నేలపైనా, చిన్న దీవుల్లోనూ

నిర్వచనం, పరిధి

వార్త సేకరించడం, రాయడం, దిద్దడం, పేజీ కట్టడం, ప్రసారం చేయడం నేర్పే చదువు పాత్రికేయ విద్య. విశ్వవిద్యాలయ శాఖలు డిప్లొమా, డిగ్రీ, పీజీ కోర్సులుగా దీన్ని నేర్పుతాయి. పెద్ద పత్రికలు తమ సొంత బడుల్లోనూ నేర్పుతాయి. ఈ చదువులో భాగంగా విద్యార్థులే విలేకరులుగా, సబ్ ఎడిటర్లుగా పనిచేసి తెచ్చే పత్రిక ల్యాబ్ జర్నల్. కళాశాలలు ఏడాదికోసారి వేసే వార్షిక సంచిక, విద్యార్థి సంఘాలు నడిపే పత్రిక వేరు కోవకు చెందుతాయి. వార్షిక సంచికలో కవితలు, వ్యాసాలు, ఫొటోలు ఉంటాయి. సంఘం పత్రిక ఆ సంఘం వాణిని వినిపిస్తుంది. ల్యాబ్ జర్నల్ చేయాల్సింది వార్తా పత్రిక పని. గడువులోగా తేవాలి, రుజువున్నదే రాయాలి, తప్పు దొర్లితే సవరణ వేయాలి.

ఈ వ్యాసం తెలుగు రాష్ట్రాల్లోని పాత్రికేయ విద్యను ప్రధానంగా పరిశీలిస్తుంది. తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఫిజీ వంటి దీవుల అనుభవంతో దాన్ని పోలుస్తుంది. హైదరాబాదు పడమటి అంచున ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాలను క్షేత్ర శిక్షణకు ఉదాహరణగా తీసుకుంటుంది.

పూర్వరంగం: పత్రికాఫీసే బడి

తెలుగు పత్రికా రచయితల తొలి తరాలకు కోర్సులు లేవు. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించారు. ఈ పత్రికల్లో చేరినవారు ప్రూఫులు దిద్దుతూ, తంతి వార్తలు అనువదిస్తూ పని నేర్చుకున్నారు. నిజాం రాజ్యంలో ఆ మాత్రం అవకాశమూ తక్కువే. పాలనా భాష, ఉన్నత విద్యా భాష ఉర్దూ. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వచ్చాక తెలంగాణలో తెలుగు రచయితకు నిలకడైన వేదిక దొరికింది. అదే సురవరం 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1936 షాద్‌నగర్ మహాసభకు అధ్యక్షులైన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అప్పట్లో పత్రిక, గ్రంథాలయం, మహాసభ కలిసే నడిచాయి. ఆ మూడింటిలో పనిచేసేవారూ చాలావరకు ఒకరే.

విశ్వవిద్యాలయాల్లోకి

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం 1908 సెప్టెంబరు 14న జర్నలిజం స్కూలు తెరిచింది. విద్యార్థుల పత్రిక తొలి సంచిక కూడా ఆ రోజే వెలువడింది. అది ఆవరణకే పరిమితమైన పత్రిక కాదు, స్కూలున్న కొలంబియా పట్టణానికంతటికీ వార్తలందించేది. పట్టణంలో అప్పటికే ఉన్న పత్రికలతో పోటీపడింది కూడా. ఆంధ్రపత్రిక పుట్టిందీ, మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిందీ అదే నెలలో. ఆ వరద ఫలితంగా తర్వాతి కాలంలో కట్టిన జలాశయాలే మొయినాబాద్ వార్తలను నేటికీ శాసిస్తున్నాయి (చూ. క్షేత్రం: చేవెళ్ల, మొయినాబాద్).

భారతదేశంలో మొదటి ప్రయత్నం అనీబిసెంట్‌ది. 1920లో అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయంలో ఆమె జర్నలిజం బోధన ప్రారంభింపజేశారు. 1938లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం డిప్లొమా పెట్టింది, కానీ అది రెండేళ్లకే ఆగిపోయింది. నిలదొక్కుకున్న మొదటి శాఖ 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పీపీ సింగ్ నెలకొల్పినది. దేశ విభజన తర్వాత అది ఢిల్లీకి, అక్కణ్నుంచి చండీగఢ్‌కు తరలింది. మద్రాసు, కలకత్తా, మైసూరు, నాగపూర్ ఆ తర్వాత వచ్చాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. దాన్ని తీర్చిదిద్దిన తొలి అధ్యాపకుల్లో ముఖ్యుడు అమెరికన్ ఆచార్యుడు డీఫారెస్ట్ ఓడెల్. అమెరికా పాత్రికేయ విద్య చరిత్రపై 1935లో గ్రంథం వెలువరించిన పండితుడాయన. మొదట డిప్లొమాగా ఉన్న కోర్సు డిగ్రీగా, తర్వాత పీజీగా ఎదిగింది. బీసీజే (డిగ్రీ), ఎంసీజే (పీజీ) అనే పొట్టి పేర్లు తెలుగు జర్నలిస్టుల బయోడేటాల్లో పాతుకుపోయాయి. ఈ శాఖ ల్యాబ్ జర్నల్ పేరు ఉస్మానియా కొరియర్.

1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో జర్నలిజం బోధన చేపట్టింది. ఇది చిన్న మార్పేమీ కాదు. తెలుగు పత్రికలో పనిచేయబోయే విద్యార్థి అంతకుముందు ఇంగ్లిషు పాఠ్యపుస్తకాలు చదివి, ఇంగ్లిషులో పరీక్ష రాసి, ఉద్యోగంలో చేరాక తెలుగులో రాయడం మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చేది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో కమ్యూనికేషన్ శాఖ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ జర్నలిజం శాఖ, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ రంగంలోని ఇతర కేంద్రాలు.

పత్రికల సొంత బడులు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1980ల చివర జిల్లా అనుబంధాలు ప్రవేశపెట్టింది. మండల వార్తకు రోజూ పేజీలు తెరుచుకోవడంతో ఒక్కసారిగా వందలాది విలేకరులు, ఆ కాపీ దిద్దేందుకు డెస్కులు అవసరమయ్యాయి. విశ్వవిద్యాలయాల నుంచి వచ్చేవారు అందుకు చాలలేదు. ఈనాడు జర్నలిజం స్కూలు ఆ లోటు తీర్చింది. తర్వాత ఆంధ్రజ్యోతి, సాక్షి కూడా తమ స్కూళ్లు నడిపాయి. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, నెలనెలా స్టైపెండు, శిక్షణ ముగిశాక అదే సంస్థలో ఉద్యోగం, ఇదీ ఈ స్కూళ్ల పద్ధతి. ఫీజు కట్టి చదవలేని పల్లె యువతకు ఇది పెద్ద ఆసరా అయింది.

భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ ఈనాడు స్కూలుకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. వార్తలో వాడే ప్రతి మాటకూ లెక్క చెప్పించే అలవాటు ఆయన శిష్యుల్లో చాలామందికి అబ్బింది. ఇంగ్లిషు వాక్యాన్ని ముక్కస్య ముక్క దించకుండా, పాఠకుడి నోట పలికే తెలుగులో రాయాలన్నది ఆయన పట్టుదల. పత్రికా భాషపై ఆయన కూర్చిన పదకోశాలు డెస్కుల్లో చేతిపుస్తకాలయ్యాయి.

ఈ స్కూళ్లకు ఓ పరిమితి ఉంది. అవి ఒక సంస్థ శైలిలో మనిషిని తయారు చేస్తాయి. మీడియా చట్టం, చరిత్ర, యాజమాన్యాల ప్రయోజనాల వంటి విషయాలను విమర్శనాత్మకంగా చదివే వీలు విశ్వవిద్యాలయ శాఖలోనే ఎక్కువ. కానీ గడువు ఒత్తిడిలో రోజూ రాయించే క్రమశిక్షణ పత్రిక బడిలోనే ఎక్కువ. విద్యార్థికి ఈ రెండూ ఒకే చోట దొరకవలసింది ల్యాబ్ జర్నల్‌లో.

ల్యాబ్ జర్నల్: పని తీరు

తరగతిని డెస్కు, రిపోర్టింగ్, ఫొటో, పేజినేషన్ విభాగాలుగా చేస్తారు. సంచిక మారినప్పుడల్లా బాధ్యతలూ మారతాయి. ఎడిటోరియల్ మీటింగులో ఎవరు ఏ బీట్ చూస్తారో నిర్ణయించి, డమ్మీ గీసి, పేజీలు పంచుతారు. కాపీ వచ్చాక సబ్ ఎడిటర్ ఇంట్రో సరిచూసి, పేర్లు, అంకెలు, హోదాలు మళ్లీ ధ్రువీకరించుకుని హెడ్డింగ్ పెడతారు. ఒకప్పుడు ఇదంతా సీసపు అచ్చుల కూర్పుతో సాగేది. తర్వాత పేజ్‌మేకర్, క్వార్క్ ఎక్స్‌ప్రెస్, ఇన్‌డిజైన్ వచ్చాయి. తెలుగు డీటీపీలో అను ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. అవి యూనికోడ్ కానందువల్ల ఆ కాలపు కాపీని యూనికోడ్‌లోకి మార్చడం అదనపు పని అయింది.

చాలా ల్యాబ్ జర్నళ్లకున్న బలహీనత పాఠకుడు లేకపోవడం. సంచిక అధ్యాపకుడి బల్ల మీదికి, గ్రంథాలయానికి, మిత్రుల చేతికి చేరుతుంది. సెమినార్లు, ప్రారంభోత్సవాలు, అతిథి ఉపన్యాసాలు పేజీలు నింపుతాయి. తప్పు రాస్తే నిలదీయడానికి ఎవరూ రారు. మార్కుల కోసం రాసిన వార్త, మార్కులు పడ్డాక మరుగున పడుతుంది. మిస్సోరీ పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

చిన్న దీవుల అనుభవం

ఫిజీకి చెరకు తోటల ఒప్పంద (గిర్మిట్) కూలీలుగా భారతీయులు 1879 నుంచి 1916 వరకు వెళ్లారు. మొత్తం దాదాపు 60 వేల మంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన సుమారు 15 వేల మందిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడి పాత దినపత్రిక ఫిజీ టైమ్స్ 1869లో లెవుకా పట్టణంలో పుట్టింది. 1935లో మొదలైన హిందీ వారపత్రిక శాంతిదూత్ భారత సంతతి వారికి ప్రధాన పత్రిక. ఫిజీ తెలుగువారు ఇంట్లో తెలుగు, వీధిలో ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లిషు వాడుతూ వచ్చిన సమాజం.

రాజధాని సువాలో 1968లో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ ఏర్పడింది. దీనికి యజమాని ఒక దేశం కాదు. ఫిజీ, టోంగా, సమోవా, టువాలు, కిరిబాటి, నౌరు, వనువాటు, సాలమన్ దీవులు వంటి పన్నెండు ప్రాంతాలు కలిసి నడుపుతున్నాయి. జనాభా వేలల్లోనే ఉన్న దీవి తనకోసం ప్రత్యేకంగా జర్నలిజం శాఖ పెట్టుకోలేదు. అందుకే ఉమ్మడి ఏర్పాటు. కరీబియన్‌లోనూ ఇదే దారి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం జమైకాలోని మోనా ఆవరణలో 1974లో కరీబియన్ దేశాలన్నిటికీ పనికొచ్చేలా కమ్యూనికేషన్ సంస్థను నెలకొల్పింది.

సువాలో విద్యార్థుల పత్రిక వాన్సోల్‌వారా 1996లో మొదలైంది. వివిధ దీవుల నుంచి వచ్చిన విద్యార్థులు కలిసి తెచ్చే ఈ పత్రికకు అసలు పరీక్ష 2000 మే 19న ఎదురైంది. జార్జ్ స్పైట్ నాయకత్వాన సాయుధులు ఫిజీ పార్లమెంటులో చొరబడి, భారత సంతతికి చెందిన ప్రధాని మహేంద్ర చౌధరిని, ఆయన సహచరులను బందీలుగా పట్టారు. ఆ నిర్బంధం 56 రోజులు సాగింది. జర్నలిజం విద్యార్థులు వీధుల్లోకి వెళ్లి వార్తలు సేకరించి తమ వెబ్‌సైట్లో పెట్టారు. మే 28న ఫిజీ టెలివిజన్ కార్యాలయంపై అల్లరిమూక దాడి చేశాక, భద్రత పేరుతో విశ్వవిద్యాలయ యంత్రాంగం ఆ వెబ్‌సైట్‌ను మూయించింది. సిడ్నీలోని యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ జర్నలిజం శాఖ వారి వార్తలకు తన సైట్లో చోటిచ్చింది. వాన్సోల్‌వారా ప్రత్యేక సంచికా వెలువడింది. ఆ కృషికి ఆస్ట్రేలియా జర్నలిజం అధ్యాపకుల సంఘం పురస్కారాలు దక్కాయి. అప్పుడు శాఖకు నేతృత్వం వహించిన డేవిడ్ రోబీ ఆ అనుభవాన్ని తర్వాత రచనల్లో నమోదు చేశారు.

తర్వాతి కాలంలో ఈ పత్రిక ఫిజీ సన్ దినపత్రికతోపాటు అనుబంధంగా పాఠకులకు చేరింది. అంటే విద్యార్థి రాసింది దేశమంతా చదివింది. 2010లో సైనిక ప్రభుత్వం తెచ్చిన మీడియా డిక్రీ జరిమానాలు, జైలు భయంతో పాత్రికేయుల చేతులు కట్టేసింది. 2023 ఏప్రిల్‌లో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. ఆ పదమూడేళ్లూ జర్నలిజం చదివినవారు స్వేచ్ఛగా రాయడం పుస్తకాల్లో చదువుతూ, జాగ్రత్తగా రాయడం బయట నేర్చుకోవాల్సి వచ్చింది.

మారిషస్‌లో పరిస్థితి వేరు. అక్కడి ఆంధ్ర మహాసభ 1947 నాటిది, మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన ఉంది, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అయితే పత్రికా రచనకు ఫ్రెంచి, ఇంగ్లిషు భాషలదే పెత్తనం. తెలుగుకు రేడియో, టీవీ కార్యక్రమాల్లో చోటుంది.

దీవుల పాత్రికేయుడికి ఉన్న ఇబ్బంది ప్రధానంగా ఒక్కటే. తాను రాసే మంత్రి తన బంధువు కావచ్చు, ప్రకటనలిచ్చేది ప్రభుత్వమే కావచ్చు, మర్నాడు అంగట్లో ఎదురుపడేది తాను తప్పుపట్టిన అధికారే కావచ్చు. ఈ లెక్కన తెలుగు పల్లె విలేకరికి మండలమే ఒక దీవి.

క్షేత్రం: చేవెళ్ల, మొయినాబాద్

హైదరాబాదు నుంచి పడమరగా వికారాబాద్ వైపు పోయే బీజాపూర్ రోడ్డు మీద మొదట మొయినాబాద్, తర్వాత చేవెళ్ల వస్తాయి. నగరానికి కూరగాయలు, పూలు పంపే పల్లెలివి. చిలుకూరు, అజీజ్‌నగర్, యెన్కేపల్లి పరిసరాల్లో ఇంజినీరింగ్, వైద్య కళాశాలలు పుట్టుకొచ్చి వేలాది విద్యార్థులు నిత్యం ఈ దారిన తిరుగుతున్నారు. ఇంతమంది యువత ఉన్న చోట జర్నలిజం చదువు మాత్రం నగరంలోని శాఖలకే పరిమితమై ఉంది.

రాష్ట్ర పత్రికల్లో చేవెళ్ల డేట్‌లైన్ మొదటి పేజీకెక్కిన సందర్భాల్లో పెద్దది 2003 ఏప్రిల్ 9. ఆ రోజు వైఎస్ రాజశేఖరరెడ్డి ఇక్కణ్నుంచి పాదయాత్ర ప్రారంభించి ఇచ్ఛాపురం దాకా నడిచారు. మామూలు రోజుల్లో ఈ రెండు మండలాల వార్త జిల్లా పేజీల్లో ఉంటుంది. దాన్ని రాసేది సాధారణంగా జీతం అందుకునే ఉద్యోగి కాదు. పంపిన వార్త లెక్కన కొద్దిపాటి పారితోషికం అందుకుంటూ, వేరే జీవనోపాధి చూసుకునే కంట్రిబ్యూటరే. కొన్నిచోట్ల వార్తతోపాటు ప్రకటనలు తేవడమూ ఆయన మెడకే చుట్టుకుంటుంది. పాత్రికేయ విద్య అందాల్సిన అసలు మనిషి ఇతనే, కానీ రెండేళ్ల ఎంసీజే అతనికి అందుబాటులో లేదు. 1996లో ఏర్పడిన ప్రెస్ అకాడమీ, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ మీడియా అకాడమీ జిల్లాల్లో నిర్వహించే శిక్షణ తరగతులు కొంతవరకు ఆ లోటు పూడుస్తున్నాయి.

శిక్షణకు ఇంతకంటే మంచి క్షేత్రం దొరకడం కష్టం. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ ఆ రెండు జలాశయాల నడుమ ఉంది. వాటిలోకి వచ్చే నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీల వంటి వాటిపై ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షలకు సుప్రీంకోర్టు 2000లో మద్దతు పలికింది. భూముల ధర పెరగక నష్టపోతున్నామన్నది ఇక్కడి రైతుల వాదన, ఆంక్షలు తొలగిస్తే నగరానికి వరద కాపు పోతుందన్నది పర్యావరణవాదుల వాదన. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆంక్షల సడలింపు ప్రకటించింది. ఈ ఒక్క అంశంపై వార్త రాయాలంటే జీవో చదవాలి, పహాణీ చదవాలి, ధరణి స్థానంలో వచ్చిన భూభారతి రికార్డు చూడాలి, కోర్టు తీర్పు అర్థం చేసుకోవాలి, చెరువు గట్టు మీద రైతుతోనూ మాట్లాడాలి. ఏ పాఠ్యప్రణాళికైనా కోరేది ఇదే.

బీజాపూర్ రోడ్డు విస్తరణ మరో ఉదాహరణ. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల దారిలో వందలాది పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు ఇరుకై ప్రమాదాలు జరుగుతున్నాయని ఒక పక్షం, చెట్లు నరకొద్దని మరో పక్షం గట్టిగా నిలబడ్డాయి. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కింది. నగర పత్రికలు చెట్ల ఫొటోలు బాగా వేశాయి. రోజూ ఆ దారిన బస్సెక్కే తాండూరు, పరిగి ప్రయాణికుడి మాటకూ అంతే చోటు దక్కినప్పుడే వార్త నిండుగా ఉంటుంది.

చేవెళ్ల, మొయినాబాద్ ఇటీవల మున్సిపాలిటీలయ్యాయి. గ్రామీణ ఉపాధి పథకం పట్టణాలకు వర్తించదు. గ్రామసభ పోయి వార్డు వచ్చింది. పన్ను ఎంత పెరిగింది, కూలీకి పని ఎక్కడ దొరుకుతుంది, చెత్త ఏ గుంటలో పోస్తున్నారు అన్న ప్రశ్నలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ముప్పై రోజుల్లో జవాబు కోరవచ్చు. విద్యార్థి ఒక సెమిస్టరులో పూర్తి చేయగల పని ఇది. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ వీసా ప్రదక్షిణల కథ ఇప్పటికే లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. మురుగు కాల్వ కథ అన్నిసార్లు రాలేదు.

రేడియో, వీడియో

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత మొదట విద్యాసంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో అనుమతులు దక్కాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో బోల్ హైదరాబాద్ పేరుతో 90.4 ఎఫ్ఎం ఉంది. డిగ్రీలు లేని సంఘం మహిళలు మైకు, కెమెరా పట్టి చేసిన పని, పాత్రికేయ విద్యకు అర్హత అంటే ఏమిటన్న ప్రశ్నను నేరుగా ముందుకు తెచ్చింది.

చట్టం, విమర్శలు

1867 నాటి పత్రికల చట్టం స్థానంలో 2023 చట్టం వచ్చి 2024 మార్చి 1 నుంచి అమలవుతోంది. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. విద్యార్థి పత్రికకు వీటి నుంచి ప్రత్యేక మినహాయింపు లేదు. దాంతో ఆచార్యులు జాగ్రత్తకే మొగ్గు చూపుతారు, ఆవరణలోని సమస్య ఆవరణ పత్రికలోనే రాకుండా పోతుంది. సువాలో 2000లో జరిగింది దీనికి తీవ్ర రూపం. పత్రికకు డబ్బిచ్చేదీ, పత్రిక ప్రశ్నించాల్సిందీ ఒకే యంత్రాంగమైనప్పుడు సంపాదక స్వేచ్ఛకు రాతపూర్వక నియమం ఉండాలి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ముందుగా చేయాల్సిన సంస్కరణ ఇదే. రెండోది, నెలకో సంచిక అయినా ఒక మండలాన్ని ఎంచుకుని అక్కడి పాఠకుల కోసం తేవడం.

భద్రపరచడం

వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు పత్రికలకు పెద్ద నిలయాలు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించి అంతర్జాలంలో ఉంచింది. ల్యాబ్ జర్నళ్లకూ ఇటువంటి ఏర్పాటు అవసరం. ఒక తరం విలేకరుల తొలి రాతలు, ఆనాటి నగర శివారు పల్లెల వివరాలు ఆ పేజీల్లో ఉన్నాయి. ఉస్మానియా కొరియర్‌తో సహా ఏ విద్యార్థి పత్రిక పాత సంచికలైనా ఇంట్లో ఉన్న పూర్వ విద్యార్థులు వాటిని సంబంధిత శాఖ గ్రంథాలయానికి అందజేయాలి.